‘పోయిన యాది తిరిగొచ్చింది’ అన్న వార్తను ఎలా చదవాలి

హన్మకొండలో మాది మందుల షాపు. ములుగు, పరకాల, నర్సంపేట దిక్కు నుంచి ఎంజీఎం దవాఖానాకో, ప్రైవేటు న్యూరో డాక్టర్ల దగ్గరికో వచ్చినవాళ్లు చీటీ పట్టుకొని మా కౌంటర్ దగ్గర ఆగుతారు. ఈ మధ్య చీటీతో పాటు ఫోన్ కూడా ముందుకు చాపుతున్నారు. ఒకరి ఫోన్‌లో వీడియో: మెదడు కణాల చుట్టూ ఒక వల ఉంటుందట, దాన్ని ఎంజైముతో కరిగిస్తే పోయిన జ్ఞాపకం తిరిగొచ్చిందట. ఇంకొకరి ఫోన్‌లో దానికి పూర్తిగా ఎదురుమాట: ఆ వల చెడిపోవడం అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బులో పెద్ద నష్టమట, దాన్ని కాపాడుకోవాలట. ఆ తర్వాత వచ్చే ప్రశ్న ఇది: “అక్కా, ఆ వల కాండ్రాయిటిన్‌తోని అయితదట. మోకాళ్ల నొప్పుల గోలీలల్ల గూడ గదే ఉంటది గదా. మా అత్తకు ఏస్తే యాది వస్తదా?”

ఇట్లా అడిగినవాళ్లను ఉత్తి మాటతో పంపించడం నాకు మనసొప్పదు. వాళ్లు సరిగ్గానే ఆలోచించారు. నడుమ తెలియాల్సిన సంగతులు కొన్ని ఎవరూ చెప్పలేదు, అంతే. అవి తెలిస్తే రేపు ఇంకో వీడియో వచ్చినా మీరే తేల్చుకోగలరు. ఇంట్లో మతిమరుపు, పక్షవాతం, ఫిట్స్ ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు ఆ వలను గీసి చూడండి

మందుల చీటీ వెనక భాగం చాలు. నడుమ ఒక గుండ్రం గీయండి, దాని నుంచి కొమ్మల్లాగ మూడు నాలుగు గీతలు లాగండి. అది నాడీకణం. ఇప్పుడు ఆ గుండ్రం మీద, కొమ్మల మొదళ్ల దాకా సన్న గళ్ల వల గీయండి. కొమ్మల కొసల దాకా తీసుకుపోకండి, వల అంత దూరం పోదు. ఒక్కో గడి నడుమ ఒక చుక్క పెట్టండి. పక్క కణాల తీగలు వచ్చి ఈ కణాన్ని కలిసే చోట్లు అవి, వాటినే సైనాప్స్‌లు అంటారు. వల ఆ చోట్లను వదిలి, మిగతా పైభాగాన్ని కప్పి ఉంచుతుంది. ఉన్న కలయికలు కదలవు, కొత్త తీగ వచ్చి దూరడానికి జాగా దొరకదు. ఈ ఒక్క బొమ్మ మనసులో ఉంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ఇక ఆ వల దేనితో అయిందో చూద్దాం. మెదడులో దాదాపు ఐదో వంతు జాగా కణాల బయటే ఉంటుంది. అందులో నీరు, లవణాలతో పాటు కణాలే తయారుచేసి బయటికి వదిలిన చక్కెర గొలుసులు, ప్రొటీన్లు పరుచుకొని ఉంటాయి. దీన్ని ఎక్స్‌ట్రాసెల్యులార్ మ్యాట్రిక్స్ అంటారు. చర్మంలో, ఎముకలో ఉన్నంత కొల్లాజెన్ ఇక్కడ ఉండదు. పొడవాటి హైలురోనాన్ గొలుసులు, వాటిని పట్టుకొని అగ్రెకాన్, బ్రెవికాన్, న్యూరోకాన్ అనే ప్రొటీన్లు, ఆ ప్రొటీన్లకు అంటుకొని కాండ్రాయిటిన్ సల్ఫేట్ గొలుసులు, వీటన్నిటినీ ముడివేసే లింక్ ప్రొటీన్లు, టెనాసిన్-ఆర్. మెదడంతా ఇది పలుచగా ఉంటుంది. కొన్ని కణాల చుట్టూ మాత్రం దట్టంగా చేరి వల కడుతుంది. దాని పేరు పెరీన్యూరోనల్ నెట్. ఎక్కువగా ఇది కనిపించేది పార్వాల్బుమిన్ అనే ప్రొటీన్ ఉన్న కణాల చుట్టూ. ఇవి మహా వేగంగా సంకేతాలు వదులుతూ పక్క కణాలను అదుపులో పెట్టే కణాలు, మెదడుకు బ్రేకుల్లాంటివి.

దీన్ని మొదట చూసింది ఇటలీకి చెందిన కమిల్లో గోల్జీ, 1890లలో. అది రంగు వేసేటప్పుడు పుట్టిన మరకే తప్ప నిజంగా ఉన్నది కాదని స్పెయిన్‌కు చెందిన కహాల్ కొట్టిపారేశాడు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు. వల సంగతి మాత్రం ఆ తర్వాత చాలా ఏళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

చిన్న పిల్లల మెదడులో ఈ వల పూర్తిగా కట్టుకొని ఉండదు. అనుభవంతో, వయసుతో బిగుస్తుంది. వరి పొలం ఒడ్డు ఎట్లాగో ఇదీ అట్లాగే: ఒడ్డు లేకపోతే మడిలో నీళ్లు నిలవవు, నీళ్లను వేరే మడికి మళ్లించాలంటే ఆ ఒడ్డునే తెంపాలి. జ్ఞాపకం నిలవడానికి వల కావాలి. కొత్తది నేర్చుకోవడానికి, దెబ్బతిన్న చోట దారి మార్చుకోవడానికి ఆ వలే అడ్డం. అందుకే ‘వల మంచిదా, చెడ్డదా’ అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. వీడియోలు ఆ ఒక్క మాట చెప్పబోయి మనల్ని తికమక పెడతాయి.

వార్త చేతికి వస్తే ఏం వెతకాలి

మొట్టమొదట, ఆ ప్రయోగం ఎవరి మెదడులో జరిగిందో చూడండి. ఈ రంగంలో పేరున్న ప్రయోగాలు దాదాపు అన్నీ ఎలుకల్లో జరిగినవి. 2002లో ఇటలీలో పిజ్జోరుస్సో, మాఫే బృందం పెద్ద ఎలుకల మెదడులో చూపుకు సంబంధించిన భాగంలోకి కాండ్రాయిటినేజ్ ఏబీసీ అనే ఎంజైము ఎక్కించారు. కాండ్రాయిటిన్ గొలుసులను తెంపే ఎంజైము అది, ప్రోటియస్ వల్గారిస్ అనే బ్యాక్టీరియా నుంచి వచ్చింది. ఒక కన్ను మూసి ఉంచితే పిల్ల ఎలుక మెదడు రెండో కంటి వైపు మొగ్గుతుంది, పెద్ద ఎలుకలో ఆ మార్పు రాదు. ఎంజైము పడ్డాక పెద్ద ఎలుక మెదడు కూడా పిల్ల మెదడులాగ మారింది. అదే ఏడాది లండన్‌లో ఎలిజబెత్ బ్రాడ్‌బరీ బృందం వెన్నుపాము దెబ్బతిన్న ఎలుకలకు అదే ఎంజైము ఇచ్చింది. గాయం మచ్చలో కాండ్రాయిటిన్ పోగుపడి నరాల తీగలను ముందుకు పోనివ్వదు. ఆ అడ్డు తీసేస్తే తీగలు కొంత పెరిగాయి, నడక కొంత మెరుగైంది. రెండూ గొప్ప ప్రయోగాలే. ఇరవై ఏళ్లు దాటినా ఈ ఎంజైము మనుషుల వైద్యంలో మామూలుగా వాడే మందు కాలేదు. వెన్నుపాము దెబ్బతిన్న కొడుకు ఉన్న తండ్రికి ఈ మాట చెప్పడం కష్టమే. చెప్పకుండా ఆశ పెంచడం ఇంకా తప్పని నా నమ్మకం.

ఆ తర్వాత, ఎప్పుడు ఇచ్చారు అని చూడండి. అందరూ వదిలేసేది ఇదే. 2009లో స్విట్జర్లాండ్‌లో నదీన్ గొగొల్లా, ఆండ్రియాస్ లూతీ బృందం భయం జ్ఞాపకాల మీద పని చేసింది. ఒక శబ్దం వినిపించి వెంటనే చిన్న షాకు ఇస్తే, తర్వాత ఆ శబ్దం వినగానే ఎలుక బిగుసుకుపోతుంది. షాకు లేకుండా అదే శబ్దం మళ్లీ మళ్లీ వినిపిస్తే భయం తగ్గుతుంది. పెద్ద ఎలుకలో అది తగ్గినట్టే తగ్గి కొన్నాళ్లకు మళ్లీ లేస్తుంది, పిల్ల ఎలుకలో మాత్రం పూర్తిగా చెరిగిపోతుంది. పెద్ద ఎలుక మెదడులో అమిగ్డలా అనే చోట వలను కరిగిస్తే అక్కడా భయం చెరిగిపోయింది. మీరు చూసిన వీడియో ఇక్కడితో ఆగి ఉంటుంది. అసలు కీలకం ఇంకో వాక్యంలో ఉంది: వలను ముందే కరిగించి, ఆ తర్వాత నేర్పిన భయమే అట్లా చెరిగింది. పాత భయం పాతుకుపోయాక వల తీస్తే ఆ ఫలితం రాలేదు. ఎన్నడో జరిగిన ప్రమాదం రాత్రిపూట కళ్ల ముందుకు వచ్చి నిద్రపట్టని మనిషికి ఈ తేడా చాలా పెద్దది. “దీంతోని మా తమ్ముని భయం పోతదా” అని అడిగితే జవాబు ఆ వాక్యంలోనే ఉంది.

మెదడులో ఏ చోట, ఏ జబ్బులో అన్నదీ చూడాలి. ఫోన్‌లో వచ్చిన రెండు ఎదురెదురు వీడియోల చిక్కు ఇక్కడే విడిపోతుంది. అల్జీమర్స్‌లో పేరుకునే టౌ అనే ప్రొటీన్ వల్ల జ్ఞాపకం తగ్గిన ఎలుకల్లో వలను కరిగిస్తే వస్తువులను గుర్తుపట్టే శక్తి తిరిగి వచ్చిందని కేంబ్రిడ్జ్‌కు చెందిన జేమ్స్ ఫాసెట్ బృందం 2015లో చూపించింది. మెదడు తన దారులు మార్చుకోవడానికి అడ్డు తొలగిందన్నమాట. 2020లో కాలిఫోర్నియాలో కిమ్ గ్రీన్ బృందం అదే జబ్బులో పేరుకునే ఇంకో ప్రొటీన్, అమైలాయిడ్ ఉన్న ఎలుకల్లో ఇంకో కోణం చూసింది. మెదడులో చెత్త ఏరే మైక్రోగ్లియా కణాలే వలను కూడా తినేస్తున్నాయి. ఆ కణాలను తీసేస్తే వల నిలిచింది. ఒకరు వల కరగడం మేలంటే, ఇంకొకరు కరగడం నష్టమంటున్నట్టు కనిపిస్తుంది. రెండూ నిజమే. ఒకటి ఒక చోట, కొన్నాళ్ల పాటు, చేతితో చేసిన మార్పు. రెండోది జబ్బు తనంతట తాను మెదడంతా చేస్తున్న పాడు.

ఫిట్స్ విషయంలో వల వైపే నేను గట్టిగా మాట్లాడతాను. గ్లయోమా అనే మెదడు గడ్డ ఉన్న ఎలుకల మీద 2018లో వర్జీనియాలో హరాల్డ్ సోంథైమర్ బృందం చేసిన పని చదివితే వల విలువ తెలుస్తుంది. గడ్డ వదిలే ఎంజైములు చుట్టుపక్కల వలలను కరిగిస్తాయి. వల ఉన్నప్పుడు కణం పొరలో విద్యుత్తు నిలవ ఉండే గుణం తక్కువగా ఉంటుంది, అందుకే బ్రేకు కణం అంత వేగంగా పని చేయగలుగుతుంది. వల పోతే ఆ వేగం పోతుంది. బ్రేకు సన్నగిల్లితే పక్క కణాలు అదుపు తప్పి ఫిట్స్ వస్తాయి. ఇంట్లో ఫిట్స్ ఉన్నవాళ్లు ‘వల కరిగిస్తే మంచిది’ అన్న మాట వింటే ఈ ప్రయోగాన్ని గుర్తు చేసుకోవాలి. స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బులో కూడా చనిపోయినవాళ్ల మెదడును పరీక్షించినప్పుడు ముందరి భాగంలో వలలు తక్కువగా కనిపించాయి. జబ్బు వల్ల తగ్గాయా, తగ్గడం వల్ల జబ్బు వచ్చిందా అన్నది చనిపోయాక చేసే పరీక్షతో తేలదు.

ఇంకొక మాట. వార్తలో ఉన్నది ఊహా, రుజువా అని చూడండి. రోజర్ చెన్ అనే శాస్త్రవేత్త, 2008లో రసాయనశాస్త్రంలో నోబెల్ అందుకున్నవాడు, 2013లో ఒక ఆలోచన ముందుకు తెచ్చాడు: ఏళ్ల తరబడి నిలిచే జ్ఞాపకాలు వలలోని రంధ్రాల అమరికలో దాగి ఉండొచ్చని. కణం లోపలి ప్రొటీన్లు త్వరగా అరిగి మారిపోతుంటాయి, వల ముక్కలు చాలాకాలం మారకుండా ఉంటాయి కాబట్టి ఆ ఆలోచన వచ్చింది. నాకు అది చాలా ఇష్టమైన ఆలోచన. ‘జ్ఞాపకం ఎక్కడుంటుందో కనుక్కున్నారు’ అని దాన్ని పంపించేవాళ్లు మాత్రం ఒక ఊహను రుజువుగా మార్చి పంపిస్తున్నారు.

గోలీ మింగితే వల అవుతుందా

కాదు. ఎందుకో చెప్తాను. పైన చెప్పిన ప్రయోగాల్లో ఎంజైమును మత్తు ఇచ్చి, పుర్రెకు సన్న రంధ్రం చేసి, సూదితో సరిగ్గా ఆ చోటే వదిలారు. అదే ఎంజైమును నోటితో మింగితే అన్నం, పప్పులో ఉండే ప్రొటీన్ లాగానే అరిగిపోతుంది. కాండ్రాయిటిన్ గోలీ సంగతి వేరేలా ఉంటుంది గానీ ముగింపు ఒకటే. అది పెద్ద అణువు. పేగుల్లోంచి రక్తంలోకి కొంతే పోతుంది, అదీ ముక్కలై పోతుంది. రక్తంలోంచి మెదడులోకి పోవాలంటే అడ్డుగోడ దాటాలి. అన్నిటికంటే ముఖ్యం, మెదడు కణాలు తమకు కావాల్సిన కాండ్రాయిటిన్‌ను అక్కడికక్కడే తయారు చేసుకుంటాయి. బయటి నుంచి తెచ్చి అల్లుకోవు. చర్మం కోసం అమ్మే హైలురోనిక్ యాసిడ్ గోలీలకూ ఇదే లెక్క.

కీళ్ల కోసం డాక్టర్ రాసిన గోలీని కీళ్ల కోసమే వాడండి. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు: గుండె లయ తప్పినవాళ్లు, వాల్వు మార్చినవాళ్లు రక్తం గడ్డ కట్టకుండా వార్ఫరిన్ లాంటి మందు వాడుతుంటారు. వార్ఫరిన్‌తో పాటు గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ కలిపి వేసుకున్నవాళ్లలో ఐఎన్‌ఆర్, అంటే రక్తం గడ్డ కట్టడానికి ఎంతసేపు పడుతుందో చూపే పరీక్ష లెక్క, పెరిగిన ఉదాహరణలు ఉన్నాయి. అది పెరిగితే రక్తస్రావం భయం. పక్షవాతం వచ్చిన అత్తకు యాది కోసమని ఎవరో చెప్పిన గోలీ వేస్తే జరిగే నష్టం ఇట్లా ఉంటుంది. మా షాపులో ఈ గోలీ అడిగినవాళ్లను ‘ఇంకేం మందులు వేసుకుంటున్నరు’ అని అడగకుండా నేను ఇవ్వను.

పక్షవాతం వచ్చిన ఇంట్లో

ఈ జ్ఞానం ఇవాళే పనికొచ్చే చోటు ఇది. మెదడు రక్తనాళంలో రక్తం గడ్డ అడ్డుపడి వచ్చే పక్షవాతంలో ఆ గడ్డను కరిగించే మందు టీపీఏ. ఇది మెదడు కణాలు కూడా తయారు చేసుకునే ఎంజైమే, మామూలు రోజుల్లో కణాల బయటి మ్యాట్రిక్స్‌ను కొంచెం కొంచెంగా సడలించే పనిలో దానికి పాత్ర ఉంది. గడ్డ అడ్డుపడి మెదడు ఆకలితో ఉన్నప్పుడు, గంటలు గడిచేకొద్దీ రక్తనాళాల చుట్టూ ఉన్న పొరను ఎంఎంపీ-9 లాంటి ఎంజైములు తినేస్తూ పోతాయి. నాళం గోడ బలహీనపడ్డాక గడ్డ కరిగించే మందు ఇస్తే రక్తం బయటికి చిమ్మే ప్రమాదం పెరుగుతుంది. అందుకే ఆ మందుకు లక్షణాలు మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటల గడువు పెట్టారు. లోపల రక్తస్రావం లేదని సీటీ స్కాన్‌లో చూశాకే ఇస్తారు.

ఏటూరునాగారం నుంచి వరంగల్ రావడానికే రెండు గంటలకు తక్కువ పట్టదు. దవాఖానాలో స్కాన్‌కు, రక్తపరీక్షకు పట్టే సమయం తీసేస్తే మీ చేతిలో మిగిలేది చాలా తక్కువ. మూతి వంకరపోయినా, ఒక చెయ్యి కిందికి జారినా, మాట తడబడినా పొద్దున చూద్దామని పడుకోబెట్టకండి. ఊర్లో సెలైన్ ఎక్కించుకొని చూద్దామని కూర్చోకండి, పసరు మందుకు పోకండి. 108కి ఫోన్ చేయండి. మనిషి చివరిసారి బాగా ఉన్నది ఎన్ని గంటలకో ఒక చీటీ మీద రాసి వెంట తీసుకుపోండి. నిద్ర లేచేసరికే ఇట్లా ఉంటే రాత్రి పడుకున్న టైము రాయండి. డాక్టర్ మొదట అడిగేది అదే. ఇంటి నుంచి వచ్చినవాళ్లు తలా ఒక టైము చెప్పి తడబడేదీ అక్కడే.

తర్వాతి వారాల సంగతి. జంతువుల్లో పక్షవాతం తర్వాత దెబ్బతిన్న చోటు చుట్టూ వలలు కొన్నాళ్లు పలుచబడతాయని చూశారు. మెదడు దారులు మార్చుకోవడానికి అది కొంత వీలు కల్పిస్తుందని అనుకుంటున్నారు. మనుషుల్లో కోలుకోవడంలో ఎక్కువ భాగం తొలి మూడు నెలల్లోనే జరుగుతుందన్నది మాత్రం అందరూ చూసిన సంగతే. ఆ మూడు నెలలు వచ్చిపోయే చుట్టాలతో, నూనె మర్దనతోనే గడిచిపోవడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. మర్దన చేస్తే పక్షవాతం వచ్చిన ఆయన హాయిగా పడుకొని ఉంటాడు, పని చేసేది మీ చెయ్యి. మెదడు నేర్చుకోవాలంటే ఆయన చెయ్యే కదలాలి. నీళ్ల గ్లాసు నోటికి అందించకండి, సగం నింపి ఆ చేతికే ఇవ్వండి. పళ్లెంలో కొన్ని శనగలు పోసి ఒక్కొక్కటి గిన్నెలో వేయమనండి. తడి తువ్వాల పిండమనండి. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఎంతసేపు పట్టినా ఆగండి. ఫిజియోథెరపిస్టు చూపించినవాటినే రోజుకు పలుమార్లు, కొద్దికొద్దిగా చేయించండి.

తొందర పేరుతో మొదటి రోజే లేపి నడిపించబోకండి. 2015లో వచ్చిన అవర్ట్ అనే అధ్యయనంలో 2,104 మందిని చూశారు. మొదటి 24 గంటల్లోనే ఎక్కువగా లేపి కదిలించినవాళ్లు మామూలు పద్ధతిలో చూసినవాళ్ల కంటే తక్కువగా కోలుకున్నారు. ఎప్పుడు మొదలుపెట్టాలో వార్డులో డాక్టర్ చెప్తారు.

మతిమరుపు ఉన్న పెద్దవాళ్ల ఇంట్లో

వల గురించి చదివే ముందు మందుల కవరు కిందికి వంచండి. నేను కౌంటర్ మీద చేసేది అదే. తెల్ల ప్లాస్టిక్ కవర్లోంచి స్ట్రిప్పులు, కట్ చేసిన ముక్కలు, ఆర్నెల్ల కిందటి దగ్గు సీసా, అన్నీ బయట పడతాయి. కత్తెరతో కోసిన స్ట్రిప్పు మీద చాలాసార్లు మందు పేరు సగమే మిగులుతుంది, తారీకు అసలే ఉండదు. రెండు దవాఖానాలు రెండు కంపెనీల పేర్లతో రాసిన ఒకే మందు రెండు స్ట్రిప్పుల్లో దొరుకుతుంది. అందుకే షాపులో స్ట్రిప్పు కోయించుకుంటే పేరు, తారీకు ఉన్న వైపు మీకిమ్మని అడగండి, లేదా వెనక పెన్నుతో రాయించుకోండి.

ఆ కుప్పలో మతిమరుపు పెంచేవి ఉన్నాయేమో చూపించుకోండి. జలుబు గోలీల్లో ఉండే క్లోర్‌ఫెనిరమైన్, నిద్ర కోసం వాడే ఆల్ప్రజోలం, వణుకుకు రాసే ట్రైహెక్సీఫెనిడిల్, నొప్పులకు, నిద్రకు రాసే ఎమిట్రిప్టిలిన్, మూత్రం ఆపుకోలేనప్పుడు రాసే ఆక్సీబ్యుటినిన్. డెబ్బై దాటినవాళ్లలో ఇవి రెండు మూడు కలిస్తే మనిషి మసకబారినట్టు అవుతాడు. దాన్ని ఇంట్లో వయసనుకుంటారు, అల్జీమర్స్ అనుకుంటారు. చూసి రాసిన డాక్టర్‌తో మాట్లాడి తగ్గించుకోవచ్చు, మీకు మీరుగా ఒక్కసారిగా మానకండి. ఆల్ప్రజోలం లాంటిది ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ కూడా రావొచ్చు.

ఆ తర్వాత బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. ఈమధ్య కింద పడి తలకు దెబ్బ తగిలి ఉంటే చిన్నదే అని వదలకుండా డాక్టర్‌కు చెప్పండి, తల లోపల మెల్లగా రక్తం చేరినా మతిమరుపు వస్తుంది. మనిషి దిగులుతో ఉన్నా మతిమరుపులాగే కనిపిస్తుంది. ఇవన్నీ వైద్యం ఉన్న కారణాలు. మొహం లేదా చెయ్యి ఒక్క క్షణం బిగుసుకొని వదిలేయడం రోజులో చాలాసార్లు జరుగుతూ, కొద్ది వారాల్లోనే యాది తగ్గిపోతే న్యూరో డాక్టర్‌కు ఆ సంగతి గట్టిగా చెప్పండి, వీలైతే ఫోన్‌లో తీసి చూపించండి. నాడీకణాలు బయటికి వదిలే ఎల్‌జీఐ1 అనే ప్రొటీన్ మీద మన ఒంటి రక్షణ కణాలే దాడి చేసే జబ్బు ఒకటి ఉంది. అది ఇట్లాగే మొదలవుతుంది, రక్తపరీక్షతో తెలుస్తుంది, త్వరగా పట్టుకుంటే చాలామందికి మందుతో తగ్గుతుంది. అక్కడ వారాలు కూడా విలువైనవే కాబట్టి, వచ్చే నెల అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఆ వీడియోతోనే ముందుగా పోయి కూర్చోండి.